నాబ్ మీద చెయ్యి: ఆటోమేషన్ పేటెంట్ అప్పీళ్ళలో ‘ఇది ఎవరికైనా తట్టేదే’ అన్న మాట గురించి

(మెషీన్ టూల్స్ కంట్రోల్ మీద పనిచేసే ఇంజనీర్ల కోసం ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినిపిస్తోందా అండీ? సరే.

చట్టం సంగతి తర్వాత. ముందు ఒక చెయ్యి గురించి చెప్తాను. తిరిగే కట్టర్‌తో లోహాన్ని కోసే మిల్లింగ్ మెషీన్ ముందు నిలబడ్డ ఆపరేటర్ చెయ్యి. అది ఎక్కడుంటుంది? ఫీడ్ ఓవర్‌రైడ్ నాబ్ మీద, అంటే కోత ముందుకు సాగే వేగాన్ని (అదే ఫీడ్) పెంచే, తగ్గించే నాబ్ మీద. మీలో సగం మందికి పైగా ఆ నాబ్ తిప్పినవాళ్ళే కదా. చుట్టూ శాతం అంకెలుంటాయి, మధ్యలో ఎక్కడో 100, అంటే ప్రోగ్రామ్‌లో పెట్టిన వేగం. కట్టర్ లోహంలోకి దిగింది, చిప్స్ రాలుతున్నాయి, అంతా బాగానే ఉంది. ఉన్నట్టుండి శబ్దం కొంచెం బరువెక్కుతుంది. మనలాంటివాళ్ళకి ఆ తేడా తెలీదు. ఆయన మాత్రం తలెత్తకుండానే నాబ్‌ని 100 నుంచి 70కి తిప్పేస్తాడు. రెండు క్షణాలాగి 85కి తెస్తాడు. ఎందుకు తిప్పావయ్యా అని అడగండి. “ఏమోనండీ, అలా అనిపించింది” అంటాడు.

ఇప్పుడు ఆ చెయ్యి తీసేద్దాం. కట్టర్‌ని తిప్పే స్పిండిల్ మోటార్ ఎంత కరెంటు లాగుతోందో చూసి, అది ఒక హద్దు దాటితే ఫీడ్ తగ్గించే కంట్రోలర్ పెడదాం. చెయ్యి చేసిన పనే యంత్రం చేస్తోంది. దీనికి పేటెంట్ ఇవ్వాలా, వద్దా? ఇవ్వాలనేవాళ్ళు చేతులెత్తండి... సుమారు సగం. వద్దనేవాళ్ళు? ఇంకో పాతిక మంది. అసలు చెయ్యే ఎత్తనివాళ్ళు లాయర్లన్న మాట.

ఈ ప్రశ్న మీద అమెరికాలో దశాబ్దాలుగా అప్పీళ్ళు నడుస్తున్నాయి. ఇవాళ నేను మాట్లాడేదంతా అమెరికా చట్టం గురించే, ఇంకో దేశం లెక్కలు దీంట్లో కలపకండి. ఆ అప్పీళ్ళు చదివిన కొద్దీ నాకు ఒకటే కనిపిస్తూ వచ్చింది. ‘ఆటోమేటిక్’ అన్న మాట వల్ల ఎవరూ గెలవలేదు, దాని వల్ల ఓడిపోనూ లేదు. ఆపరేటర్ “అలా అనిపించింది” అని వదిలేసిన చోట యంత్రానికి ఏం తెలియజెప్పాల్సి వచ్చింది? ఆ తెలియజెప్పడంలో ఎక్కడ దెబ్బ తిన్నారు? అది కాగితం మీద ఉన్నవాడు నిలబడ్డాడు. లేనివాడు పడిపోయాడు.

చట్టంలో ఇది 103వ సెక్షన్. మీ క్లెయిములో, అంటే ‘ఇది నాది’ అని మీరు హక్కు కోరే వాక్యంలో, ఉన్నదానికి, అంతకుముందు లోకానికి తెలిసినదానికి మధ్య తేడా ఉండొచ్చు. కానీ ఆ రంగంలో మామూలు నైపుణ్యం ఉన్న మనిషికి, మొత్తంగా చూస్తే, అది తేలిగ్గా తట్టేదే అయితే పేటెంట్ లేదు. ఇంగ్లీషులో ఆబ్వియస్ అంటాం. నేను ‘తట్టేదే’ అంటాను. ఒకరికి తట్టడం, ఒకరికి తట్టకపోవడం, గొడవంతా అక్కడే కదా. “మొత్తంగా” అన్న మాట కూడా గుర్తుపెట్టుకోండి, దానికి మళ్ళీ వస్తాను.

ఈ సెక్షన్ వచ్చింది 1952లో. అంతకుముందు ఈ పని కోర్టులే తమకు తోచినట్టు చేసేవి. 1941లో ఒక కేసు చూడండి, క్యూనో ఇంజనీరింగ్ కేసు. వస్తువేమిటి? కారులో సిగరెట్ ముట్టించుకునే లైటర్. నొక్కితే వేడెక్కుతుంది. వేడి చాలినంత కాగానే థర్మోస్టాట్ కరెంటు కట్ చేస్తుంది. అంతకుముందు అది ఎర్రబడిందో లేదో మనిషే చూసుకోవాలి. అంటే ఏమిటి? ఆటోమేషనే కదండీ! జేబులో పట్టేంత ఆటోమేషన్. సుప్రీంకోర్టు ఏమంది? థర్మోస్టాట్లు ఇస్త్రీ పెట్టెల్లో, టోస్టర్లలో ఉన్నవే, వాటిని తెచ్చి లైటర్‌లో పెట్టడం పనివాడి నేర్పే, ఆవిష్కరణ కావాలంటే ‘సృజనాత్మక మేధ మెరుపు’ ఉండాలి అంది. మెరుపు! లాబ్‌లో మూడేళ్ళు కూర్చుని గ్రాఫులు గీసినవాడికి మెరుపు ఎక్కడి నుంచి వస్తుంది?

అందుకే 1952 చట్టంలో 103 చివర ఒక వాక్యం పెట్టారు. ఆవిష్కరణ ఏ తీరున జరిగిందన్నదాన్ని బట్టి పేటెంట్ నిరాకరించకూడదని. మెరుపులా తట్టినా సరే, నానా తంటాలు పడి సాధించినా సరే. 1966లో గ్రాహం వర్సెస్ జాన్ డీర్ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ని మొదటిసారి విడమరిచి చెప్పింది. అదొక నాగలి కేసు. ముందు ఏం తెలుసో చూడండి, తేడా ఏమిటో చూడండి, ఆ రంగంలో మామూలు నైపుణ్యం ఎంతో చూడండి, ఆ తర్వాత బయట లోకం ఏమంటోందో చూడండి. చాలాకాలంగా ఎదురుచూసిన అవసరమా, మిగతావాళ్ళు ప్రయత్నించి విఫలమయ్యారా, అమ్ముడుపోయిందా, ఇలాంటివి. ఇవాళ్టికీ ప్రతి అప్పీలూ ఆ దారినే నడుస్తుంది.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. 1952 మన రంగానికి కూడా పెద్ద ఏడాదే. ఆ సెప్టెంబర్‌లోనే ఎమ్‌ఐటీ సర్వోమెకానిజమ్స్ లాబ్‌లో న్యూమరికల్ కంట్రోల్ (అంకెల ఆదేశాలతో నడిచే) మిల్లింగ్ మెషీన్‌ని నలుగురికీ చూపించారు. సిన్సినాటి హైడ్రోటెల్ మెషీన్ తెచ్చి, చిల్లుల టేపుతో మూడు యాక్సిస్‌లు కదిలించారు. తట్టడం గురించిన చట్టమూ, మనిషి చెయ్యి లేకుండా కోసే మెషీనూ ఒకే ఏడాది పుట్టాయి. కాకతాళీయమే, కానీ నాకు ఇష్టమైన కాకతాళీయం.

ఆ మెషీన్ వెనక మిషిగన్ రాష్ట్రంలో ట్రావర్స్ సిటీకి చెందిన జాన్ పార్సన్స్ ఉన్నాడు. ఆయన కంపెనీ హెలికాప్టర్ రోటర్ బ్లేడులు చేసేది. బ్లేడు ఆకారం సరిచూడ్డానికి టెంప్లేట్లు కావాలి. ఆ వంపు మీద కొన్ని పాయింట్లే ఇస్తారు, మధ్యలోది ఎవరి చేతి నేర్పు వాళ్ళది. పార్సన్సూ, ఆయన దగ్గర పనిచేసే ఫ్రాంక్ స్ట్యూలెనూ కలిసి ఐబీఎమ్ పంచ్ కార్డు యంత్రాల మీద వంపు మొత్తానికీ దగ్గర దగ్గరగా పాయింట్లు లెక్క కట్టించారు. తర్వాత ఏం చేశారో చూడండి. ఒక మనిషి కాగితం చూసి అంకెలు గట్టిగా చదువుతాడు. ఒకడు ఎక్స్ చక్రం తిప్పుతాడు, ఇంకొకడు వై చక్రం తిప్పుతాడు. చదవడం, తిప్పడం, కొయ్యడం. మళ్ళీ చదవడం, తిప్పడం, కొయ్యడం.

నేను మీ ఎగ్జామినర్‌ని, అంటే పేటెంట్ ఆఫీసులో మీ దరఖాస్తు పరిశీలించేవాణ్ణి అనుకోండి. నేనేమంటాను? “ఏముందయ్యా ఇందులో? చదివేవాడి బదులు కార్డు రీడర్, తిప్పేవాళ్ళ బదులు రెండు సర్వో మోటార్లు. మూడూ బజార్లో దొరికేవే. మనుషుల్ని తీసేసి యంత్రాలు పెట్టావు.” అనొచ్చా, అనకూడదా?

అనొచ్చనిపిస్తుంది కదా? మరి అదే రోజుల్లో ఇదే సమస్యకి మిగతావాళ్ళు ఏం చేశారో చూడండి. 1940ల చివర్లో జనరల్ ఎలక్ట్రిక్ లాంటి కంపెనీలు ‘రికార్డ్-ప్లేబ్యాక్’ అనే దారి పట్టాయి. చెయ్యి తిరిగిన ఆపరేటర్ ఒకసారి జాబ్ (ఒక భాగాన్ని కోసే పని) చేస్తుంటే ఆ కదలికలన్నీ మాగ్నెటిక్ టేపు మీద ఎక్కించి, ఆ టేపునే మళ్ళీ మళ్ళీ నడిపించడం. ఆటోమేషన్ అంటే ఆ నిపుణులకి మొదట తట్టింది అదే, చేతిని కాపీ కొట్టడం. పార్సన్స్ దారిలో కాపీ కొట్టడానికి చెయ్యే లేదు. అంకెల నుంచి కదలిక పుట్టాలి. రెండింటికీ ఎంత తేడా ఉందో చూశారా? పార్సన్స్ దరఖాస్తు 1952 మే 5న వేశాడు, పేటెంట్ 1958 జనవరిలో వచ్చింది. ఎమ్‌ఐటీ వాళ్ళు విడిగా ఆగస్టులో వేసుకున్నారు, వాళ్ళది రావడానికి 1962 దాకా పట్టింది.

జవాబు విన్నాక ఏ పొడుపుకథైనా తేలికే. పార్సన్స్ కథ మనకి ఇప్పుడు తేలిగ్గా కనిపిస్తోందంటే కారణం జవాబు మన చేతిలో ఉండటమే. పేటెంట్ భాషలో దీన్ని హైండ్‌సైట్ అంటారు. అప్పీల్లో ప్రతి లాయరూ ఈ మాట వాడతాడు, ప్రతి జడ్జీకీ ఇది విని విని చెవులు చిల్లులు పడ్డాయి. “ఇది హైండ్‌సైట్ అండీ” అని ఊరికే అంటే ఎవరూ వినరు. అప్పట్లో నిపుణులు ఇంకో వైపు వెళ్ళారని చూపిస్తే వింటారు. అదీ సంగతి.

ఇప్పుడు మనకి ఎదురుగా నిలబడే కేసు. అప్పీలుకి వెళ్ళబోయే ప్రతి ఆటోమేషన్ ఇంజనీరూ చదవాల్సింది. పేరు ఇన్ రీ వెన్నర్, 1958, అప్పటి కస్టమ్స్ అండ్ పేటెంట్ అప్పీల్స్ కోర్టు తీర్పు. వస్తువు పిస్టన్లు పోతపోసే అచ్చు. లోహం పోశాక కొంతసేపాగి లోపలి కోర్‌ని వదిలించాలి. అంతకుముందు మనిషి టైము చూసుకుని వదిలించేవాడు. వీళ్ళు ఒక టైమరూ, కరెంటుతో వాల్వ్‌ని కదిలించే ఒక సాలెనాయిడూ పెట్టారు. అనుకున్న టైము కాగానే వాల్వ్ తనంతట తనే పనిచేస్తుంది. కోర్టు పేటెంట్ లేదు పొమ్మంది. చేతిపనికి బదులు, అదే ఫలితాన్ని సాధించే ఆటోమేటిక్ సాధనం పెట్టినంత మాత్రాన పాతదానికీ దీనికీ తేడా వచ్చినట్టు కాదంది. ఈ వాక్యం పేటెంట్ ఆఫీసు ఎగ్జామినర్ల మాన్యువల్‌లో ఇవాళ్టికీ ఉంది. చేతిపని అన్న వాసన తగిలితే చాలు, ఎగ్జామినర్ ఆ పేజీ తీస్తాడు.

ఆ వాక్యంలో ఇరుసు ఎక్కడుంది? ‘ఆటోమేటిక్’ దగ్గరా? ‘చేతిపని’ దగ్గరా? ‘అదే ఫలితం’ దగ్గర. వెన్నర్ టైమర్ మనిషి గడియారం చూసి చేసినదాన్నే చేసింది. గడియారంలో ఉన్నదంతా టైమర్‌లో ఉంది. మనిషి బుర్రలో ఇంకేమీ మిగల్లేదు. కానీ ఫీడ్ నాబ్ తిప్పే మనిషి బుర్రలో ఏముంది? టైమా? కాదు. శబ్దం, చిప్ రంగు, కిందటిసారి ఇదే మూల దగ్గర కట్టర్ విరిగిన జ్ఞాపకం. అవేవీ మీ కరెంటు సెన్సార్‌లో లేవు. మరి మీ యంత్రం ‘అదే’ పని చేస్తోందని ఎలా అంటారు?

ఎలా అంటారో చెప్తాను. మనమే రాసిస్తాం కాబట్టి అంటారు. ఇది నా సొంత తప్పు, చెప్పుకోవడానికి సిగ్గే. చాలా ఏళ్ళ కిందట ఒక దరఖాస్తులో, నేపథ్యం రాసే చోట, ఒక అందమైన వాక్యం రాశాను. “ఇంతవరకు అనుభవజ్ఞుడైన ఆపరేటర్ చేతితో చేసే సర్దుబాటునే ఈ పరికరం ఆటోమేటిగ్గా చేస్తుంది.” చదివేవాడికి సులభంగా అర్థమవ్వాలని రాశాను. బాగుంది కదా? ఎగ్జామినర్‌కీ బాగా నచ్చింది. ఆ వాక్యాన్ని అలాగే కొటేషన్ మార్కుల్లో పెట్టి, కింద వెన్నర్ పేరు రాసి, క్లెయిములన్నీ తిరస్కరించాడు. మేం 12 పేజీల వాదన రాశాం, అదే కాదు, వేరే అని. అప్పీలు బోర్డు మా 12 పేజీలకి ఒక పేరా ఇచ్చింది. ఆ పేరాలో మళ్ళీ నా వాక్యమే ఉంది. నా మాటతోనే నన్ను కొట్టారు. అప్పటి నుంచి స్పెసిఫికేషన్‌లో (దరఖాస్తులో ఆవిష్కరణని వివరించే భాగంలో) ‘ఆపరేటర్ చేసే పనినే’ అన్న మాట కనిపిస్తే చాలు, నాకు టెన్షన్.

సరే, ఇక ఒక ఊహా దరఖాస్తు తీసుకుందాం. నేను కల్పించినదే, ఎవరిదీ కాదు. కానీ సమస్య మాత్రం నిజమైనది.

లోడ్‌ని బట్టి ఫీడ్ మార్చడం, దీన్ని అడాప్టివ్ కంట్రోల్ అంటాం. ఇది కొత్తేమీ కాదు. 1960ల మొదట్లోనే బెండిక్స్ కంపెనీ అమెరికా వైమానిక దళం కాంట్రాక్టు కింద ఇలాంటి మిల్లింగ్ మెషీన్ చేసింది. కాబట్టి “స్పిండిల్ లోడ్ హద్దు దాటితే ఫీడ్ తగ్గించు కంట్రోలర్” అని క్లెయిము రాస్తే అది పోయినట్టే. ఇందాక ఇవ్వాలని చెయ్యెత్తిన సగం మందీ, క్షమించాలి, మీరు ఓడిపోయారు. కానీ వద్దని చెయ్యెత్తినవాళ్ళు కూడా అప్పుడే సంబరపడకండి.

ఈ కంట్రోలర్‌ని నిజంగా మెషీన్ మీద పెడితే ఏమవుతుంది? మొదటిది గాలి. కట్టర్ ఒక గోడ కోసి బయటికి వచ్చి, ఖాళీలో కదిలి, ఇంకో గోడ దగ్గరికి వెళ్తోంది. ఖాళీలో లోడ్ ఎంత? దాదాపు సున్నా. కంట్రోలర్ ఏమనుకుంటుంది? “లోడ్ లేదు, ఇంకా తొందరగా పో” అని ఫీడ్ పెంచేస్తుంది. ఆ ఊపులో కట్టర్ రెండో గోడని గుద్దుకుంటుంది. ఠప్! ఆపరేటర్ చెయ్యి ఈ తప్పు ఎన్నడూ చేయదు, ఎదురుగా గోడ కనిపిస్తోంది కదా. తనకి గోడ కనిపిస్తోందన్న సంగతి ఆయన ఏనాడూ ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన పనే రాలేదు.

రెండోది ఇంకా లోతైనది. కంట్రోలర్‌లో ఒక గెయిన్ ఉంటుంది. లోడ్ ఇంత పెరిగితే ఫీడ్ అంత తగ్గించు అనే నిష్పత్తి. 2 మిల్లీమీటర్ల లోతులో కోస్తూ గెయిన్ చక్కగా సెట్ చేశారు, మెషీన్ నున్నగా నడుస్తోంది. జాబ్‌లో ఒక మెట్టు వచ్చింది, లోతు 4 మిల్లీమీటర్లయింది. అప్పుడేమవుతుంది? ఫీడ్‌లో అదే మార్పుకి కోత బలంలో మార్పు ఇప్పుడు దాదాపు రెట్టింపు. అంటే మీరు గెయిన్ ముట్టుకోకపోయినా లూప్ (లోడ్ కొలవడం, ఫీడ్ మార్చడం, మళ్ళీ కొలవడం అనే చక్రం) మొత్తం గెయిన్ రెట్టింపైంది. ఫీడ్ తగ్గుతుంది, మరీ తగ్గిపోతుంది, మళ్ళీ పెరుగుతుంది, మరీ పెరిగిపోతుంది. ఉయ్యాల ఊగినట్టు ఊగి ఊగి చివరికి కట్టర్ విరుగుతుంది. కట్టర్ని కాపాడ్డానికి పెట్టిన కంట్రోలరే దాన్ని విరిచింది! 1980ల మొదట్లో పరిశోధకులు ఈ సంగతి తేల్చి, కోత నడుస్తుండగానే ప్రాసెస్ గెయిన్ (ఫీడ్ మారితే కోత బలం ఎంత మారుతుందనే నిష్పత్తి) ఎంతుందో అంచనా వేసుకుని కంట్రోలర్ గెయిన్‌ని మార్చే పద్ధతులు ప్రచురించారు.

ఆ ప్రచురణలు రాకముందే మన ఊహా దరఖాస్తుదారు ఈ పని చేశాడనుకోండి. ఎగ్జామినర్ రెండు కాగితాలు తీస్తాడు. ఒకటి, గెయిన్ మారని అడాప్టివ్ మిల్లింగ్ మెషీన్. రెండోది, ఇంకెక్కడో, ఓడల ఆటోపైలట్ అనుకోండి, అందులో గెయిన్ మారే కంట్రోలర్. “మొదటిదాన్లో రెండోది పెడితే నీదే వచ్చింది” అంటాడు. వినడానికి చాలా బాగుంటుంది. మీరేమంటారు?

కొత్తవాళ్ళు ఇక్కడ “ఓడ వేరు, మెషీన్ వేరు” అని మొదలుపెడతారు. 2007 తర్వాత ఆ వాదన ఒంటరిగా నిలబడటం కష్టం. కేఎస్‌ఆర్ వర్సెస్ టెలీఫ్లెక్స్, 2007 ఏప్రిల్ 30. కారు యాక్సిలరేటర్ పెడల్‌కి ఎలక్ట్రానిక్ సెన్సార్ తగిలించిన పేటెంట్. సుప్రీంకోర్టు జడ్జీలందరూ ఒకే మాటగా అది తట్టేదేనన్నారు. పాత కాగితాల్లో “ఈ రెండూ కలపండి” అని రాసి ఉండక్కర్లేదు, మార్కెట్ ఒత్తిడి, డిజైన్ అవసరం కూడా కారణాలే అన్నారు. మామూలు నైపుణ్యం ఉన్నవాడికి మామూలు సృజన కూడా ఉంటుంది, అతను ‘ఆటోమాటన్’, అంటే మరమనిషి, కాదు అని కూడా రాశారు. ఆటోమేషన్ వాళ్ళం చదివి ఏమనుకోవాలో తెలియని వాక్యం అది! పది రోజులు తిరక్కముందే లీప్‌ఫ్రాగ్ వర్సెస్ ఫిషర్-ప్రైస్ తీర్పొచ్చింది. పాత మెకానికల్ బొమ్మని ఎలక్ట్రానిక్స్‌తో చేయడం ఈ రోజుల్లో ఎవరికైనా తట్టేదేనని.

కాబట్టి ‘కలపడానికి కారణం లేదు’ అన్న చోట కోట కట్టకండి. ‘ఏం కలపాలో తెలియాలంటే ముందు ఏం తప్పుందో తెలియాలి’ అన్న చోట కట్టండి. దీనికి పాత తీర్పు ఒకటుంది, 1923 నాటిది, ఐబెల్ ప్రాసెస్ కేసు. కాగితం తయారు చేసే యంత్రం. వేగం పెంచితే కాగితం పాడవుతోంది. ఎందుకో ఎవరికీ తెలీదు. ఐబెల్ చూశాడు. కింద తీగల జాలి పరుగెడుతున్నంత వేగంగా దాని మీద కాగితపు గుజ్జు పరుగెత్తడం లేదు, అందుకే అలలు లేస్తున్నాయి. జాలి వాలు బాగా పెంచాడు, గుజ్జు జారి జాలి వేగాన్ని అందుకుంది. వాలు పెట్టడం అంతకుముందూ ఉంది, కానీ నీళ్ళు ఇంకడం కోసం. సుప్రీంకోర్టు పేటెంట్ నిలబెట్టింది. గొప్పంతా జబ్బు మూలం కనిపెట్టడంలో ఉంది, మందు తర్వాత ఎవరైనా రాస్తారు అన్న ధోరణిలో నడుస్తుంది ఆ తీర్పు. ఇందాక ‘మొత్తంగా’ అన్న మాట గుర్తుపెట్టుకోమన్నాను కదా? ఇదీ అందులోకే వస్తుంది.

మన దరఖాస్తుదారు కూడా అదే చెప్పాలి. కట్టర్లు విరుగుతుంటే అందరూ సెన్సార్‌ని అనుమానించారు, కట్టర్ నాణ్యతని అనుమానించారు. ఇతను లోతు మారితే లూప్ గెయిన్ మారుతోందని పట్టుకున్నాడు. అది పట్టుకోనివాడికి ఓడ ఆటోపైలట్ పుస్తకం తెరవాలని ఎందుకు తోస్తుంది? ఇదీ ప్రశ్న. ఇది ఎగ్జామినర్‌ని అడగండి.

కానీ ఎప్పుడు అడగాలి? ఇక్కడే చాలామంది మునిగిపోతారు. అప్పీలు అంటే మళ్ళీ మొదటి నుంచి విచారణ అనుకుంటారు. కాదండీ. క్లెయిములు రెండుసార్లు తిరస్కరిస్తే పేటెంట్ ట్రయల్ అండ్ అప్పీల్ బోర్డుకి వెళ్ళొచ్చు. నోటీసు వేసిన రెండు నెలల్లో అప్పీల్ బ్రీఫ్ వెయ్యాలి. ఎగ్జామినర్ జవాబు రాస్తాడు, దానికి మనం తిరుగు జవాబు రాయొచ్చు. ముగ్గురు జడ్జీలు చూస్తారు. బ్రీఫ్‌లో రాయని వాదన తర్వాత వినరు. కొత్త సాక్ష్యం, నిపుణుడు సంతకం పెట్టి రాసిచ్చే డిక్లరేషన్ లాంటిది, అప్పీలు మొదలయ్యాక తీసుకోవడం చాలా కష్టం. విరిగిన కట్టర్ల ఫొటోలు, లోడ్ గ్రాఫులు, “మేం ఆర్నెల్లు సెన్సార్‌నే తిట్టుకున్నాం” అనే ఇంజనీరు డిక్లరేషన్, ఇవన్నీ ఎగ్జామినర్ దగ్గర ఉండగానే ఫైల్లోకి ఎక్కాలి.

బోర్డు కాదంటే ఫెడరల్ సర్క్యూట్, అంటే పేటెంట్ అప్పీళ్ళు వినే కోర్టు. అక్కడ వాళ్ళు ఫైలు దాటి చూడరు. తట్టేదా కాదా అన్న చివరి న్యాయ నిర్ణయం వాళ్ళు తాజాగా చేస్తారు. కానీ కింది వాస్తవాలకి, ఏ కాగితం ఏం చెప్తోంది, నిపుణుడికి ఏం తెలుసు, ఇలాంటివాటికి తగినంత సాక్ష్యం ఉంటే చాలు, బోర్డు మాటే నిలుస్తుంది. ఇంకో దారి వర్జీనియాలో జిల్లా కోర్టులో దావా. అక్కడ కొత్త సాక్ష్యం పెట్టొచ్చని 2012లో కప్పోస్ వర్సెస్ హయాట్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. పెట్టొచ్చు, ఖర్చు భరించగలిగితే.

ఫైలు మనల్నే కాదు, వాళ్ళని కూడా కట్టేస్తుంది. ఇది మనకి మంచి మాట. “ఇది కామన్ సెన్స్ కదా” అని ఎగ్జామినర్ అన్నా, బోర్డు అన్నా, ఆధారమేదని అడిగే హక్కు మనకుంది. 2001లో జుర్కో కేసులో, 2002లో లీ కేసులో ఫెడరల్ సర్క్యూట్ ఇదే అంది. మీ సొంత తెలివి చాలదు, ఫైల్లో ఏముందో చూపించండి అని. కేఎస్‌ఆర్ తర్వాత ఇదంతా కొట్టుకుపోయిందని కొందరు అనుకున్నారు. పోలేదు. 2016లో అరెండీ వర్సెస్ యాపిల్‌లో, క్లెయిములో ముఖ్యమైన ముక్క ఏ కాగితంలోనూ లేకపోతే దాన్ని కామన్ సెన్స్ అని చెప్పి పూడ్చేయడం కుదరదని మళ్ళీ చెప్పారు.

అయితే ఒక హెచ్చరిక. మనం ఉత్సాహంలో “ఇది మహా కష్టం, ఎవరికీ రాదు” అని రాస్తూ పోతాం. పోనివ్వండి, కానీ ఆ కష్టాన్ని ఎలా దాటారో స్పెసిఫికేషన్‌లో ఉందా? 1983 నాటి వైట్ కన్సాలిడేటెడ్ వర్సెస్ వేగా సర్వో-కంట్రోల్ కేసు అచ్చంగా మన రంగానిదే, న్యూమరికల్ కంట్రోల్ మెషీన్ టూల్ పేటెంట్. అందులో పార్ట్ ప్రోగ్రామ్‌ని (భాగం ఎలా కొయ్యాలో చెప్పే ప్రోగ్రామ్‌ని) మెషీన్ భాషలోకి మార్చే ఒక ట్రాన్స్‌లేటర్ ఉండాలి. దానికి ఉదాహరణగా స్ప్లిట్ అన్న పేరు చెప్పారు. ఆ స్ప్లిట్ ఏమో సన్‌స్ట్రాండ్ కంపెనీ వ్యాపార రహస్యం! బయటివాడు అలాంటిది సొంతంగా తయారు చేసుకోవాలంటే ఒకటిన్నర నుంచి రెండు మనిషి-సంవత్సరాల పని. అంత పని జనం మీద వదిలేస్తే ఎలా అని పేటెంట్ కొట్టేశారు. తట్టదు అని ఒక చేత్తో రాస్తే, ఎలా చేయాలో ఇంకో చేత్తో రాయాలి. గెయిన్ అంచనా వేసే పద్ధతి మీ దగ్గర రహస్యంగా దాచుకుని, దాని కష్టం మాత్రం అప్పీల్లో చూపిస్తానంటే ఒప్పుకోరు.

టైము ఎంతయింది? ఇంకో ప్రశ్న తీసుకుంటాను... అటు పక్క, నీలం చొక్కా ఆయన.

ఆయన అడుగుతున్నది, కంట్రోలర్‌కి మనం రూల్ చెప్పకుండా, డేటా ఇచ్చి అదే నేర్చుకునేలా చేస్తే, అప్పుడు ‘ఏం తెలియజెప్పాం’ అన్నది ఎలా చూపించాలి అని. మంచి ప్రశ్న. నేర్చుకున్నది యంత్రమే కావచ్చు. కానీ ఏ సిగ్నల్ ఇవ్వాలో ఎవరు ఎంచుకున్నారు? స్పిండిల్ కరెంటు ఒక్కటే ఇస్తే గాలి దగ్గర గుద్దుకుంటోందని, రాబోయే ప్రోగ్రామ్ బ్లాకులు (మెషీన్ తర్వాత చేయబోయే కదలికల ఆదేశాలు) కూడా ఇవ్వాలని ఎవరికి తెలిసింది? ఏ కట్టర్ విరిగాక తెలిసింది? ఆవిష్కర్త మనిషే అయ్యుండాలని 2022లో థేలర్ వర్సెస్ విడాల్ తీర్పు కూడా చెప్పింది కాబట్టి, ఆ ఎంపిక చేసిన మనిషి ఎవరో మీకెలాగూ కావాలి. “మోడల్‌ని ట్రైన్ చేశాం, పనిచేసింది” అని రాస్తే వెన్నర్ టైమర్ పక్కన కూర్చోబెడతారు.

పనికొచ్చే మాట ఒకటి చెప్తాను. విరిగిన కట్టర్లు స్క్రాప్ డబ్బాలో పారేయకండి. తేదీ, లోతు, ఫీడ్, స్పిండిల్ స్పీడ్, ఆ క్షణంలో లోడ్ గ్రాఫ్ నంబరు, విరగడానికి కారణం ఆ రోజు మీరేమనుకున్నారు, ఇవన్నీ ఒక చీటీ మీద రాసి దానికే కట్టి పెట్టండి. ఆ రోజు మీరనుకున్నది తప్పే అయినా కొట్టేయకండి. ముఖ్యంగా తప్పయితే కొట్టేయకండి, డిక్లరేషన్‌లో నాకు కావాల్సింది ఆ చీటీయే.